స్తోత్రం లేని సాక్ష్యం

రోజారమణి సాక్ష్యం చెప్పడానికి లేచిందంటే గుంటపాలెం చర్చిలో చంటిపిల్లల తల్లులు కూడా బయటికి కదలరు. పిల్లాడు ఏడిస్తే ఒళ్ళో వేసుకుని అక్కడే జోకొడతారు గానీ, ఆమె చెప్పేది వదులుకోరు.

సాక్ష్యమంటే కోర్టు బోనులో చెప్పేది కాదు. ఆదివారం ఆరాధనలో పాటలు అయ్యాక, వాక్యోపదేశం మొదలయ్యేలోగా, "సాక్ష్యాలేమన్నా ఉన్నాయా?" అని పాస్టర్ రత్నబాబు గారు అడుగుతారు. దేవుడు తమకు చేసిన మేలు నలుగురికీ చెప్పుకోవాలనుకున్నవాళ్ళు లేచి చెబుతారు. దానికో వరస ఉంది. ముందు కష్టం, కష్టం వెంట కన్నీళ్ళు, ఆ కన్నీళ్ళతో ప్రార్థన, ప్రార్థనకు జవాబు, చివర స్తోత్రం. ఈ వరస ఎవరూ రాసిపెట్టలేదు, అయినా ఎవరూ తప్పరు. తప్పిపోయిన గేదె దొరికినా, గర్భసంచి ఆపరేషన్ గండం గడిచినా దారి అదే. చెప్పేవాళ్ళు స్తోత్రం అనగానే సంఘమంతా స్తోత్రం అంటుంది. డోలక్ కొట్టే కిషోర్‌బాబు ఒక దెబ్బ వేస్తాడు. చెప్పినామె కొంగుతో ముక్కు తుడుచుకుని కూర్చుంటుంది. అంతటితో ఆ సంగతి అయిపోయినట్టే, ఇక దాని గురించి ఎవరూ దిగులుపడక్కర్లేదు.

ఈ విద్యలో రోజారమణిని మించినవాళ్ళు పెనుగంచిప్రోలు చుట్టుపక్కల సంఘాల్లో లేరు. మనిషి పొట్టి, గొంతుకు మాత్రం మైకు అక్కర్లేదు. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ ఆగాలో, ఎక్కడ కళ్ళు మూసుకోవాలో ఆమెకు పుట్టుకతో వచ్చినట్టే ఉంటుంది. నిజానికి పుట్టుకతో రాలేదు. పదహారో ఏటి నుంచీ ఒకే సాక్ష్యాన్ని చెప్పి చెప్పి వచ్చింది.

ఆ సాక్ష్యం ఇది. పెనుగంచిప్రోలు హైస్కూల్లో ఆమె పదో తరగతి ఫస్టున పాసైంది. జగ్గయ్యపేట కాలేజీలో చేరతానంది. సాయంత్రం తిరిగి రావడానికి మన పాలేనికి బస్సు లేదు, పెనుగంచిప్రోల్లో దిగి మూడు కిలోమీటర్లు చీకట్లో ఎట్టా నడిచొస్తావే అన్నాడు తండ్రి జ్ఞానయ్య. ఆమె ఏడ్చింది. అన్నం మానేసింది. మోకాళ్ళ మీద పడి ప్రార్థన చేసింది. దేవుడు జవాబిచ్చాడు. నీకు కాలేజీ వద్దు, నా పిల్లల్ని నీకు అప్పగిస్తున్నా అన్నాడు. ఆ నెలలోనే అప్పటి పాస్టరు సండే స్కూలు ఆమె చేతిలో పెట్టాడు. చదువు ఆపి సేవ ఇచ్చిన దేవునికి స్తోత్రం.

ఏటా తొలి పంట దేవుడికి అర్పించే కోత పండుగ నాడు ఇది చెప్పడం ఆనవాయితీ. 'అన్నం మానేశా' అన్నచోట ముందు వరసలో ముసలమ్మలు కొంగు అందుకుంటారు. ఆమెకూ సరిగ్గా అక్కడే కళ్ళు నిండుతాయి. అవి దొంగ కన్నీళ్ళని ఎవరూ అనలేరు. కాకపోతే వాటికి దారి బాగా అలవాటైపోయింది.

మిగతా రోజుల్లో ఆమె అందరిలాంటిదే. భర్త ఫ్రాన్సిస్ తాపీమేస్త్రీ. కొడుకు ఐటీఐ చేసి విజయవాడలో ఏసీలు బిగిస్తాడు. మిరప కోతల కాలంలో ఆమె కూలికి వెళుతుంది, లేనప్పుడు మిషను కుడుతుంది. నలభై నాలుగేళ్ళొచ్చినా, జగ్గయ్యపేట కాలేజీ గేటు ముందు నుంచి ఆటో వెళ్ళేటప్పుడు ఆమె తల అవతలి వైపు తిప్పుకుంటుంది. ఎందుకలా అని ఎవరూ అడగలేదు. ఆమె కూడా తనని తాను అడగలేదు.

లీడర్‌షిప్పు ఈ పాలేనికి దీప్తితో పాటు స్కూటీ మీద వచ్చింది. దీప్తి నందిగామలో హోల్‌సేల్ కిరాణా వ్యాపారం చేసే కుటుంబరావు గారి అమ్మాయి. ఎమ్మెస్‌డబ్ల్యూ చదివి అక్కడే ఒక ట్రస్టులో చేరింది. పల్లెల్లో పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ళ ఆడపిల్లల్ని గుంపుగా చేర్చి, వాళ్ళ ఊరి సమస్య ఒకటి వాళ్ళచేతే ఎంచుకోనిచ్చి, దాన్ని పరిష్కరించుకునే దాకా శిక్షణ ఇవ్వడం ఆ ట్రస్టు పని. దాని అసలు పేరు బాలికల నాయకత్వ కార్యక్రమం. పాలెంలో ఎవరూ ఆ పేరు వాడలేదు. "మీ పిల్ల లీడర్‌షిప్పుకి పోతందా?" అంటే, "ఆఁ, శనివారం శనివారం పోతంది" అనేవారు, ట్యూషనుకు పంపుతున్నట్టు.

ఊళ్ళో మాట్లాడడం నేర్పేవాళ్ళెవరైనా ఉన్నారా అని దీప్తి అడిగితే, అందరూ ఒక్క పేరే చెప్పారు. డ్వాక్రా మీటింగులో రోజారమణి మాట్లాడుతుంటే విని దీప్తి ముచ్చటపడిపోయింది. "రోజా గారూ, మాక్కావాల్సింది మీరేనండి. టీచింగ్ రానక్కర్లేదు, మెటీరియల్ నేనిస్తా" అంది.

ఆ మెటీరియల్ ఒక ఫ్లెక్సీ చార్టు. నిలువుగా మూడు గళ్ళు. పై గడిలో 'మన సమస్య ఏమిటి?', మధ్య గడిలో 'ఎవరు తీర్చగలరు?', కింది గడిలో 'వాళ్ళను ఏమి అడగాలి?' అని రాసి ఉంది. రోజారమణి దాన్ని చర్చి హాల్లో గోడకు తగిలించింది. మేకు మరీ కిందకు ఉండడంతో మూడో గడి డోలక్ పెట్టె వెనక్కి పోయింది. పెట్టె బరువైంది. ఎవరూ జరపలేదు.

మాట్లాడడమైతే రోజారమణి నేర్పింది. బాగా నేర్పింది. వచ్చిన పన్నెండు మందిలో సగం మంది పేరడిగితే చున్నీ కొరికేవాళ్ళు.

"నాకు చెప్పడానికేం లేదత్తా" అనేది ఒకతె.

"లేకపోవడమేంటే? ఈ వారంలో నీకు ఏడుపొచ్చిన సంగతేదన్నా ఉందా, లేదా? అది చెప్పు. చూరు వైపు చూడమాక. నా వైపు చూసి చెప్పు."

అలా మొదలుపెట్టించి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఎక్కడ జనం కళ్ళలోకి చూడాలో పట్టి పట్టి చెప్పేది. ఏడుపు సంగతితో మొదలై అందరూ స్తోత్రం దగ్గర తేలేవారు. దసరా సెలవులు వచ్చేసరికి చున్నీలు కొరకడం మానేశారు. దీప్తి వీడియోలు తీసి ట్రస్టు గ్రూపులో పెట్టింది. వీరులపాడు వైపు పల్లెల్లో ఇంకా పిల్లలు నోరు విప్పడం లేదని అక్కడి శిక్షకురాలు బెంగపడుతుంటే, గుంటపాలెం పిల్లలు పాస్టరుగారినే మించిపోతున్నారని పేరొచ్చింది. రోజారమణికి ఎంత సంతోషమేసిందంటే, ఆ వీడియోలు ఫ్రాన్సిస్‌కు రోజుకోసారి చూపించేది. అతను సిమెంటు చేతులతో ఫోను పట్టుకోకుండా, ఆమె పట్టుకుంటే చూసేవాడు.

సమస్య ఎంచుకోవడానికి వాళ్ళకు ఎంతోసేపు పట్టలేదు. ఆ ఏడే ఆడవాళ్ళకు బస్సు ఉచితమైంది. మంచిదే. కానీ పాలెం దాకా వచ్చే బస్సు సాయంత్రం నాలుగింటికే జగ్గయ్యపేటలో బయలుదేరుతుంది. కాలేజీ వదిలేది నాలుగున్నరకు. తరవాత బస్సు పెనుగంచిప్రోలు వరకే, అదీ ఏడు గంటలకు దింపుతుంది. ఇదివరకు అక్కణ్ణుంచి షేర్ ఆటోలు దొరికేవి. ఆడవాళ్ళు బస్సులకు మళ్ళాక బేరాలు లేక ఆటోవాళ్ళు పాలెం దారి మానుకున్నారు. బస్సు ఉచితం, ఎక్కడానికి బస్సు లేదు, ఉన్న ఆటో పోయింది.

ఇది అందరికన్నా ఎక్కువ తగిలింది జెరూషాకు. ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. ఆమె తండ్రి బాలస్వామి ఎకరన్నర కౌలుకు తీసుకుని మిరప వేశాడు, సంఘంలో పెద్ద. రోజారమణికి వరసకు తమ్ముడు. ఒక సాయంత్రం జెరూషా ఒంటరిగా నడిచి వస్తుంటే మామిడితోట దగ్గర ఇద్దరు తాగినవాళ్ళు వెంటపడ్డారు. పురుగుమందు కోసం సైకిలు మీద పెనుగంచిప్రోలు వెళుతున్న బాలస్వామి అదే సమయానికి ఎదురుపడ్డాడు కాబట్టి సరిపోయింది. ఆ రాత్రి అతను పెద్దగా ఏమీ అనలేదు.

"మిరప కోతలు మొదలయ్యేలోపు బస్సు సంగతి తేలాలి. తేలకపోతే కాలేజీ లేదు, ఏం లేదు. చేలోకి రా" అన్నాడు, అంతే.

అలా నాయకత్వ కార్యక్రమం వారి సామాజిక సమస్యా, జెరూషా చదువూ ఒకటే అయిపోయాయి. గుంటపాలెం తరఫున మాట్లాడేది జెరూషానే అని వేరే చెప్పుకోవాల్సిన పని లేకపోయింది.

నందిగామలో సభ ఒక కల్యాణమండపంలో జరిగింది. ఆరు ఊళ్ళ ఆడపిల్లలు యూనిఫాంలు వేసుకుని వచ్చారు. వేదిక మీద నలుగురైదుగురు అధికారులు. వాళ్ళలో బస్సుల రాకపోకలు చూసే పెద్దాయన కూడా ఉన్నాడు. దీప్తి అతన్ని రప్పించడానికి ఎన్ని ఫోన్లు చేసిందో పాపం. రోజారమణి మూడో వరసలో, ఇస్త్రీ చీర నలగకుండా నిటారుగా కూర్చుంది.

ముందు వీరులపాడు వైపు నుంచి వచ్చిన అమ్మాయి లేచింది. చూపు నేల మీద నుంచి ఎత్తలేదు. "మా స్కూల్లో నీళ్ళ ట్యాంకు పగిలిందండి. బాత్రూముకి నీళ్ళు లేవండి. ఎప్పుడు బాగుచేపిస్తారో చెప్పండి" అని, అక్కడితో ఆపి గబుక్కున కూర్చుంది. రోజారమణి ఆ పిల్లను చూసి జాలిపడింది. పాపం, నేర్పినవాళ్ళు లేరు అనుకుంది.

తరవాత జెరూషా. మైకు కాస్త వంచుకుని, సభంతా ఒకసారి చూసి, "అందరికీ వందనాలు" అంది. ఏడు గంటల బస్సు, చీకటి, మామిడితోట, వెనకాల అడుగుల చప్పుడు, తను పరుగెత్తడం, చెప్పు తెగిపోవడం. ఒక్కొక్కటే చెబుతుంటే మండపంలో ఫ్యాన్ల చప్పుడు తప్ప వేరేది లేదు. "అప్పుడు నేను దేవా అన్నాను. తల ఎత్తితే ఎదురుగా సైకిలు మీద మా నాన్న!" అంది. వేదిక మీదున్న ఒకావిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "ఆ రోజు నన్ను క్షేమంగా ఇంటికి చేర్చిన దేవునికి, ఇవాళ ఇంతమంది పెద్దల ముందు నిలబెట్టిన దేవునికి, మాకు ఉచిత బస్సు ఇచ్చిన ప్రభుత్వానికి, దూరాభారం అనుకోకుండా వచ్చిన అధికారులకు హృదయపూర్వక వందనాలు" అని చేతులు జోడించింది.

చప్పట్లు ఎంతసేపటికీ ఆగలేదు. బస్సుల పెద్దాయన లేచి నిలబడి మరీ కొట్టాడు. "ఈ అమ్మాయి కలెక్టరవుతుంది, రాసిపెట్టుకోండి. మీ ఊరి కష్టం తీరినందుకు నాకు చాలా సంతోషంగా ఉందమ్మా" అన్నాడు. మొదటి బహుమతి షీల్డు జెరూషా చేతుల్లో పెట్టి ఫోటో దిగాడు. దిగి, పక్కనున్న గుమస్తాను పిలిచి, ఆ నీళ్ళ ట్యాంకు అమ్మాయిది ఏ స్కూలో కనుక్కోమన్నాడు. వచ్చే సోమవారంలోగా ట్యాంకు పెట్టిస్తామని ఇంకో అధికారి మైకులోనే చెప్పాడు.

రోజారమణి అప్పటికీ చప్పట్లు కొడుతూనే ఉంది.

షీల్డును ఒళ్ళో పెట్టుకుని జెరూషా, వెంట రోజారమణి, దీప్తి పాలెం చేరేసరికి బాలస్వామి వాకిట్లో మందు పంపు కడుక్కుంటున్నాడు. చేతులు తుడుచుకుని షీల్డు అందుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. అతనికి కూతురంటే ముద్దు లేదని కాదు. దాన్ని తీసుకెళ్ళి టీవీ పక్కన జాగ్రత్తగా పెట్టి వచ్చాడు.

"బానే ఉంది. ఇంతకీ బస్సు ఎన్నింటికొస్తదంట?"

జెరూషా రోజారమణి వైపు చూసింది. రోజారమణి దీప్తి వైపు చూసింది. దీప్తి, పాపం, స్కూటీ తాళం వేలికి తిప్పుతూ నేల చూసింది.

"మనం అడగలేదండి రోజా గారూ" అంది మెల్లగా. "జెరూషా చాలా బాగా మాట్లాడింది. కానీ ఎక్కడా అడగలేదు."

ఆ మాటకు రోజారమణికి అరికాలి మంట నెత్తికెక్కింది. అడగకపోవడమేంటి, అంత కష్టం చెప్పాక వేరే అడగాలా, పెద్దమనిషికి ఆమాత్రం తెలీదా అని దీప్తితో పోట్లాడింది. ఆ అధికారికి చెవుల్లేవంది. ఇంటికెళ్ళి ఫ్రాన్సిస్‌తోనూ అదే అంది. అతను అన్నం కలుపుకుంటూ, "చివరకి వందనాలు చెప్పారంటే పని అయిపోయిందనేగా ఎవుడన్నా అనుకునేది" అన్నాడు. రోజారమణి అతనికి ఆ పూట రెండోసారి కూర వెయ్యలేదు.

దీప్తి మళ్ళీ ఫోన్లు మొదలుపెట్టింది. అధికారి క్యాంపుల్లో ఉన్నాడు, సెలవులో ఉన్నాడు, మీటింగులో ఉన్నాడు. చివరకు కోత పండుగ వెళ్ళిన శుక్రవారం రమ్మన్నాడు. మిరప కోతలేమో కోత పండుగ మర్నాడే మొదలు. నాలుగు రోజులు ఆగమని అడగడానికి రోజారమణి చేలోకే వెళ్ళింది. పళ్ళు ఎర్రగా దిగి ఉన్నాయి. బాలస్వామి గట్టు మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

"శుక్రవారం వెళ్ళి అడుగుతాం తమ్ముడూ. అప్పటిదాకా పిల్లని ఆపమాక."

"శుక్రవారమైతే శనివారమొస్తదా బస్సు? నాకు నమ్మకం లేదక్కా. ఆ రోజు నేను ఎదురుపడకపోతే ఏవయ్యేది? తల్చుకుంటే నాకు నిద్ర పట్టట్లా."

"దాని చదువు పోద్దిరా."

బాలస్వామి ఆమె వైపు నిజంగానే ఆశ్చర్యంగా చూశాడు. అందులో ఎత్తిపొడుపు ఏమీ లేదు.

"నీది పోలా? పోతే నీకేం తక్కువైందక్కా? దేవుడు నిన్ను సంఘంలో ఎంతెత్తున నిలబెట్టాడు! చదువాపినందుకు స్తోత్రమని ఏటేటా నువ్వేగా చెప్తావు. మా ఇంటిది ఏడుస్తుంటే కూడా అదే చెప్పా. రోజక్కని చూడవే అని."

  రోజారమణి గట్టు దిగి ఇంటిదాకా నడిచింది. దారిలో చదువాగిపోయిన పిల్లలు లెక్కకు వచ్చారు. మార్తమ్మ కూతురు పదో తరగతితో ఆగిపోయింది. సుగుణ ఇద్దరు పిల్లలూ ఆగిపోయారు. వాళ్ళ తండ్రులందరూ కోత పండుగ నాడు తన సాక్ష్యానికి గట్టిగా స్తోత్రం అన్నవాళ్ళే. ఆమెకు భయమేసింది, ఆ తరవాత సిగ్గేసింది, ఇంటికొచ్చి మిషను ముందు కూర్చుని చాలాసేపు సూదిలో దారం ఎక్కించలేకపోయింది.

శనివారం క్లాసుకు ముందుగా వెళ్ళి చార్టుకు అడ్డంగా ఉన్న డోలక్ పెట్టెను తనొక్కతే ఈడ్చి అవతల పెట్టింది. నడుం పట్టేసింది.

కోత పండుగ నాడు చర్చి కళకళలాడింది. బలిపీఠం ముందు కొత్త బియ్యం మూటలు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు, బాలస్వామి తెచ్చిన తొలి మిరపపళ్ళ బుట్ట. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. పాస్టరుగారు సాక్ష్యాలని అడిగే పని కూడా పెట్టుకోలేదు. "రోజమ్మ గారు వస్తారు" అన్నారు, ప్రోగ్రాంలో ఆమె ఒక పాట అయినట్టు. కిషోర్‌బాబు డోలక్ ఒళ్ళోకి లాక్కున్నాడు.

రోజారమణి లేచి ఎప్పటిలాగే మొదలుపెట్టింది. పదో తరగతి ఫస్టున పాసవడం. జగ్గయ్యపేట కాలేజీ. బస్సు లేదని నాన్న అనడం. ముసలమ్మలు కొంగులు అందుకున్నారు.

"అన్నం మానేశా. ప్రార్థన చేశా" అంది. అక్కడ ఆగింది. ఎప్పుడూ ఆగే చోటే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

"జవాబు రాలా."

ముందు వరసలో ఎవరో స్తోత్రం అనబోయి సగంలో మింగేశారు.

"దేవుడు నాతో ఏం చెప్పలా. చదువొద్దని ఆయన అన్లా. ఆ ముక్క నేనే కలిపా. కలపకపోతే ఏడుపు ఆగట్లా నాకు, అందుకని కలిపా. సండే స్కూలు ఇచ్చారు, మంచిదే, పిల్లలంటే నాకిష్టం. కానీ నాకు చదువుకోవాలనుంది. అప్పుడుంది, ఇప్పుడూ ఉంది. కాలేజీ ముందు నుంచి పోవాలంటే ఇప్పటికీ తల తిప్పుకుంటా."

చర్చిలో కోళ్ళు తప్ప ఎవరూ కదల్లేదు.

"ఇంకోటి కూడా ఎప్పుడూ చెప్పలా. బస్సు లేదన్నాడు మా నాన్న. నిజమే, లేదు. కానీ మా నాన్నకి సైకిలుంది. రోజూ సాయంత్రం ఆ సైకిలేసుకుని పెనుగంచిప్రోలు సెంటరుకి పోయేవాడు. టీ తాగి, ఏడింటి బస్సు వెళ్ళాక, నలుగురితో మాట్లాడుకుని వచ్చేవాడు. రోజూ. ఆ సైకిలు వెనక సీటు ఖాళీగానే వచ్చేది. ఆయన చెడ్డోడు కాదు. ఆయనకి తట్టలా. నేను అడగలా."

చేతులు జోడించబోయి, మళ్ళీ దించేసుకుంది. "అంతే. అయిపోయింది" అని కూర్చుంది.

సంఘమంతా ఇంకా ఏదో వస్తుందని చూస్తూనే ఉంది. కిషోర్‌బాబు చెయ్యి డోలక్ మీద గాల్లో నిలిచిపోయింది. కొట్టాలో వద్దో తెలియక పాస్టరు ముఖం చూశాడు. రత్నబాబు గారు పాటల పుస్తకం అటు తిప్పారు, ఇటు తిప్పారు. ఆ మౌనానికి సరిపడే పాట అందులో దొరకలేదు. చివరకు మెల్లగా, "ప్రార్థన చేసుకుందాం" అన్నారు.

ఆ రోజు వేలంలో బాలస్వామి దేనికీ పాడలేదు. తన బుట్టను ఎవరు కొన్నారో కూడా చూడకుండా వెళ్ళిపోయాడు. గుమ్మం దగ్గర ఒకాయన, పండగపూట అట్టాంటి సాక్ష్యం ఏందమ్మా అన్నాడు. రోజారమణి అతన్ని దాటుకుని వెళ్ళి చెప్పులేసుకుంది. ఒళ్ళంతా తేలికైపోయిందని చెబితే అబద్ధం. మళ్ళీ ఎవరన్నా తనను సాక్ష్యానికి పిలుస్తారా అన్న దిగులే ఎక్కువగా ఉంది.

సోమవారం పొద్దున్నే కోతలు మొదలయ్యాయి. ఆడవాళ్ళు తలగుడ్డలు చుట్టుకుని సాళ్ళలోకి దిగారు. రోజారమణి సంచీ నడుముకు కట్టుకుంటూ ఒక్కో ముఖమే చూసింది. జెరూషా లేదు. పక్క సాలులో ఆరోగ్యమ్మ, జెరూషా తల్లి, పళ్ళు తెంపుతూ తల ఎత్తకుండానే అంది.

"కాలేజీకి పోయిందొదినా. వాళ్ళ నాన్నే పొద్దున బస్సెక్కించాడు."

"మరి సాయంత్రం?"

"నాకేం చెప్పలా. మూతి ముడుచుకుని తిరుగుతున్నాడు. నేనడగలా."

ఆ రోజు ఘాటుకు ముక్కు కారుతూనే ఉంది. పొద్దుగూకాక మిగతావాళ్ళు ఇళ్ళకు వెళితే, రోజారమణి మాత్రం మంటెత్తే చేతులు కడుక్కుని పెనుగంచిప్రోలు దారి పట్టింది. మామిడితోట దాటేటప్పుడు నిజంగానే భయమేసింది. సెంటరులో టీ బంకు ముందు సైకిలుకు స్టాండు వేసి బాలస్వామి నిలబడి ఉన్నాడు. కోతల రోజు వేసుకునే పాత చొక్కానే, తల మాత్రం తడిచేసి దువ్వుకున్నాడు. ఆమెను చూసి చూపు తిప్పుకున్నాడు.

"ఏం తమ్ముడూ, ఇట్టా వచ్చావు?"

"టీ తాగుదామని వచ్చా" అన్నాడు.

అతని చేతిలో గ్లాసు లేదు.  అతనే, "నువ్వూ తాగుతావా?" అని, రెండు చెప్పాడు. ఆమె గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. కళ్ళు నిండాయి. మిరప ఘాటు అనుకున్నాడేమో, అతను బస్సు వచ్చే వైపు చూస్తున్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా చెప్పిన చోట వచ్చిన కన్నీళ్ళు ఈసారి ఎవరూ చూడని చోట వచ్చాయి, వచ్చాక ఎలా ఆపాలో ఆమెకు తెలియలేదు.

ఏడింటి బస్సు ఆగింది. జెరూషా పుస్తకాల బ్యాగుతో దిగి, తండ్రినీ అత్తనూ ఒకచోట చూసి ఒక్క క్షణం నిలబడిపోయింది. బాలస్వామి బ్యాగు అందుకుని హ్యాండిల్‌కు తగిలించాడు.

"బస్సు సంగతి మీరు తేల్చండి. అది తేలేదాకా నేనొస్తా" అన్నాడు ఎటో చూస్తూ.

సైకిలు నడిపించుకుంటూ ముగ్గురూ పాలెం దారిలో నడిచారు. మామిడితోట దగ్గరికొచ్చాక జెరూషా అడిగింది.

"అత్తా, శుక్రవారం ఏం చెప్పాలో అనుకున్నా. వింటావా?"

"చెప్పు."

"నాలుగున్నరకి మా కాలేజీ వదులుతారండి. మా ఊరి బస్సు నాలుగింటికే వెళ్ళిపోద్దండి. దాన్ని ఐదింటికి మార్చండి. ఏ రోజు నుంచి మారుస్తారో చెప్పండి."

రోజారమణి వింటూ నడిచింది. నాలుక చివర దాకా వచ్చిన వందనాలను వెనక్కి నెట్టడం ఇంకా ఆమెకే కష్టంగా ఉంది.

"ఇంతేనా అత్తా? ఆఖర్న ఏం కలపొద్దా?"

"ఏం కలపమాక" అంది రోజారమణి. "అక్కడే ఆగి, ఆయన మొహం చూడు."